కోదాడలో కొన్న ఫోను, అమెరికా సిమ్

ప్రశ్న: ఎం.ఎస్. చదువుకు అమెరికా వెళ్లే విద్యార్థి కోదాడలో కొన్న ఫోను అక్కడి సిమ్‌తో పనిచేస్తుందా? ఇక్కడి నంబరు ఉంచుకోవాలా?
– ఒక పాఠకుడు, మునగాల

జవాబు: భారతదేశంలో విడిగా అమ్మే ఫోన్లకు సాధారణంగా సిమ్ లాక్, అంటే ఒకే కంపెనీ సిమ్‌ను మాత్రమే అంగీకరించే కట్టడి, ఉండదు కాబట్టి ఆ వైపు నుంచి అడ్డు రాదు, అసలు చిక్కంతా బ్యాండ్ల దగ్గర, అంటే ఫోనుకూ టవరుకూ మధ్య నడిచే తరంగాల శ్రేణుల దగ్గర ఉంది. ఇక్కడి 4జీ ప్రధానంగా 3, 5, 8, 40, 41 బ్యాండ్లపై నడుస్తుండగా, అమెరికాలో 2, 12, 13, 66, 71 బ్యాండ్లు ముఖ్యమైనవి కావడం వల్ల, వీటిలో కొన్ని లేని ఫోనుకు నగరంలో సిగ్నల్ అందినా ఊరి బయట, భవనాల లోపల అందకపోవచ్చు.

బ్యాండ్లు కుదిరినంత మాత్రాన సరిపోదు. అమెరికా మొబైల్ సంస్థ ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో 3జీని మూసివేసినందున, మాటలు కూడా 4జీ మీదే సాగే వోల్టీ పద్ధతి అవసరమై, ఆ సంస్థ ఆమోదించిన నమూనాల్లో లేని ఫోను కాల్స్‌కు పనికిరాకపోవచ్చు. అందువల్ల *#06# నొక్కితే కనిపించే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్యను, ప్రయాణానికి ముందే, ఎంచుకున్న అమెరికా కంపెనీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవడం తప్పనిసరి.

బ్యాంకు ఓటీపీలు సాధారణంగా భారతీయ నంబరుకే వస్తాయి కాబట్టి ఆ సిమ్‌ను రెండో స్లాటులో ఉంచి, అంతర్జాతీయ రోమింగ్‌ను ఇక్కడే ప్రారంభింపజేసి, డేటా రోమింగ్‌ను మాత్రం ఆపివేసి, రీచార్జి గడువు దాటకుండా ఇంట్లోవారు చూసుకోవాలి.