సిటీలో పెరిగిన కుక్కను పొలంలో కోళ్ల మధ్య వదిలేముందు



చిక్కడపల్లి, అశోక్ నగర్, నారాయణగూడల్లో కాపురం ఉంటూ ఊరవతల ఎకరమో రెండెకరాలో ప్రకృతి సేద్యం చేసేవాళ్లు మనలో ఉన్నారు. వారమంతా కుక్క ఇంట్లోనే, ఆదివారం పొలానికి. కారు తలుపు తీయగానే నాటు కోళ్ల మీదికి దూకుతుంది. మనం అరిచేలోపే రెండు మూడు పోతాయి.

"పచ్చి మాంసం పెట్టారు, రక్తం రుచి మరిగింది" అంటారు చాలామంది. అసలు కారణం అది కాదు. పరుగెత్తే దాన్ని తరమడం కుక్క సహజ గుణం. కోడి రెక్కలు కొట్టుకుంటూ పారిపోతే ఆ గుణం ఇంకా రెచ్చిపోతుంది. ఒక్కసారి తరిమి పట్టుకుందంటే ఆ ఆట దానికి అలవాటైపోతుంది. కాబట్టి ఆ మొదటి పరుగే జరగనివ్వకూడదు.

పిల్లగా ఉన్నప్పుడు, అంటే సుమారు 3 నుంచి 14 వారాల వయసులో, కోళ్లను మేకలను చూస్తూ పెరిగితే సగం పని అయినట్టే. నమీబియాలో చీతా కన్జర్వేషన్ ఫండ్ 1994 నుంచి రైతులకు కాపలా కుక్కలను ఇస్తోంది. వాటినీ చిన్నప్పుడే మందకు అలవాటు చేస్తారు.

ఇప్పటికే పెద్దదైన కుక్కకైతే పాఠం సిటీలోనే మొదలుపెట్టండి. ముందు ఇంట్లో "వదిలెయ్", "ఇటు రా" అనే రెండు మాటలు నేర్పాలి. తర్వాత బెల్టు వేసి, బోనుల్లో కోళ్లుండే చికెన్ షాపు కనిపించేంత దూరంలో నిలబడండి. దగ్గరికి మాత్రం తీసుకెళ్లొద్దు. అక్కడ తొక్కిన రెట్టతో కొక్కెర తెగులు మన కోళ్లదాకా రావచ్చు. కుక్క కోళ్లను చూసి, తల తిప్పి మీవైపు చూసిన క్షణంలోనే తినడానికి చిన్న ముక్క ఇవ్వండి. ఒళ్లు బిగించి, చూపు తిప్పకుండా నిలబడిందంటే దూరం చాలలేదని అర్థం. నాలుగడుగులు వెనక్కి రండి. రోజుకు పది నిమిషాలు చాలు.

పొలంలోనూ ఇదే పద్ధతి. వీడియోలో చూపినట్టు కోళ్లు జాలీ లోపల, కుక్క తాడు మీద. వారాల తరబడి ప్రశాంతంగా ఉన్నాకే పొడవాటి తాడు నేల మీద ఈడ్చుకునేలా వదలండి. మీరు అక్కడే ఉండాలి. కోడిపిల్లల దగ్గర అసలు వదలొద్దు. చచ్చిన కోడిని కుక్క మెడకు కట్టే పాత పద్ధతి వట్టి హింసే, దానివల్ల కుక్క నేర్చుకునేది ఏమీ లేదు. కొన్ని కుక్కలు, ముఖ్యంగా వేట జాతులవి, ఎంత నేర్పినా మారవు. వాటికి గట్టి కంచె ఒక్కటే దారి.

ఆవు ఈనిన రోజుల్లో కుక్కను దూరంగా కట్టేయండి. దూడ కోసం తల్లి కుమ్మేస్తుంది. మాయను కుక్క తినకుండా లోతుగా పూడ్చాలి. అది తిన్న కుక్క మలం ద్వారా నియోస్పోరా అనే పరాన్నజీవి మేతలో కలిసి, ఆవులు ఈసుకుపోయే ప్రమాదం ఉంది. గొర్రె, మేకల పచ్చి పేగులు, ఊపిరితిత్తులు పెట్టకండి, బద్దెపురుగులు వస్తాయి.

రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలుపెట్టి, తర్వాత డాక్టర్ చెప్పిన గడువు ప్రకారం వేయించాలి. నారాయణగూడలోనే ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. శిక్షణలో కుక్క పన్ను ఎవరికైనా దిగితే గాయాన్ని సబ్బుతో, కుళాయి ధార కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు వెళ్లండి. నారాయణగూడ ఐపీఎంలో కుక్కకాటు టీకా వేస్తారు.