క్షిపణి దెబ్బకు విమానము నిలుచుట, విరుగుట

మన ఘంటసాలకు దక్షిణమున, దివిసీమలోని నాగాయలంక ప్రాంతమున నెలకొల్పదలచిన క్షిపణి ప్రయోగ కేంద్రమునకు 2025 మే 2న శంకుస్థాపన జరిగినది. హైదరాబాదులోని భారత్ డైనమిక్స్ సంస్థ తయారుచేయు ఆకాశ్ క్షిపణి పేరు మన విద్యార్థులు వినియే యుందురు. అట్టి అస్త్రము సోకినపుడు ఒక విమానము నిలుచుటకును, మరియొకటి విరుగుటకును కారణమేమి? దీనిని సంగ్రహముగా పరిశీలింతము.

క్షిపణి సూటిగా వచ్చి విమానమును గ్రుద్దుకొనునని మనము తలంతుము. పెద్ద క్షిపణుల విషయమున తరచుగా అట్లు జరుగదు. విమానము సమీపించగనే, తాకకమునుపే అది ప్రేలును. దాని ఉక్కు శకలములు వడగండ్ల వలె విమానముపై కురియును. భుజముపై నుండి వదలు చిన్న క్షిపణి మాత్రము ఇంజను వేడిని వెదకుచు వచ్చి, తగిలిన పిదప ప్రేలును.

2003 నవంబరు 22న బాగ్దాదులో అట్టి చిన్న క్షిపణి ఒక ఎయిర్‌బస్ సరకుల విమానపు ఎడమ రెక్కకు తగిలినది. రెక్క మండినది. చుక్కానులను కదల్చు మూడు హైడ్రాలిక్ వ్యవస్థలలోని ద్రవమంతయు కారిపోయినది. ఒకటి చెడినను మరియొకటి ఆదుకొనుటకే మూడింటిని అమర్తురు. కాని మూడు కాలువలును ఒకే లాకు గుండా పారినచో, ఆ లాకు చెడిన నాడు మూడును ఎండును గదా! అయినను రెక్క విరుగలేదు. దెబ్బతిన్న తొట్టి నిండా ఇంధనముండుటచే, ప్రేలుటకు వలసిన ఆవిరి, గాలి అందులో చేరలేదు. సిబ్బంది మువ్వురును రెండు ఇంజనుల శక్తిని హెచ్చించుచు, తగ్గించుచు విమానమును మరల దించి ప్రాణములు దక్కించుకొనిరి.

2014 జూలై 17న ఉక్రెయిన్ గగనమున మలేషియా విమానము గతి వేరు. అది 33,000 అడుగుల ఎత్తున పోవుచుండగా, బుక్ అను పెద్ద క్షిపణి చోదకుల గదికి ఎడమ ప్రక్క, పైభాగమున ప్రేలినది. ముందుభాగము తెగిపోయినది. మిగిలిన భాగము కొంత దూరము సాగి, గాలిలోనే ముక్కలైనది. 298 మందియు మరణించిరి. కరకట్టకు గండి పడిన పిదప మిగిలిన వినాశమును ప్రవాహమే చేయును. ఇచ్చటను శకలములు గండి కొట్టినవి. లోపలి గాలి ఒత్తిడి, వెలుపలి గాలి వేగము తక్కిన పని ముగించినవి.

కావున దెబ్బ ఎంత పెద్దదన్నది మాత్రమే గాక, అది ఎచ్చట తగిలినదన్నది కూడ ముఖ్యము. ప్రాణాధారములైన వ్యవస్థలను వేరువేరు మార్గములలో నడుపుట నిర్మాణ శాస్త్రము నేర్పు పాఠము. ఐనను ఏ నిర్మాణమును అన్ని దెబ్బలకును ఓర్వజాలదు. 2019 ఫిబ్రవరి 27న కాశ్మీరములోని బడ్గాం వద్ద మన క్షిపణియే మన హెలికాప్టరును కూల్చగా, అందలి ఆరుగురు వైమానికులును, నేలపైనున్న ఒక పౌరుడును అసువులు బాసిరి. గురిని వెదకుట యంత్రము నేర్చినది; తనవారెవరో, పరులెవరో, నిరపరాధులెవరో నిర్ణయించు భారము మానవునిదే. రేపు ఇట్టి కేంద్రములలో పనిచేయబోవు మన విద్యార్థులు గణితముతోపాటు ఈ బాధ్యతను కూడ అభ్యసింపవలెను.