బాస్కర్‌విల్‌తో పని: కుర్రవాళ్లకు కొన్ని మాటలు

ఇంగ్లిష్ పుస్తకాలు కంపోజ్ చేసినన్నాళ్లూ నా చేతిలో ఎక్కువగా ఆడిన సెరిఫ్ టైపు బాస్కర్‌విల్. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు దాని గురించి చెప్పాలనిపించినవి ఇవి.

1. ముందు కాగితం తేల్చుకోండి, తర్వాతే ఫాంటు. ఈ టైపుకు పేరిచ్చిన జాన్ బాస్కర్‌విల్ బర్మింగ్‌హామ్‌లో మొదట చేతిరాత నేర్పేవాడు, రాతి ఫలకాలమీద అక్షరాలు చెక్కేవాడు. లక్కపూత సామాన్ల వ్యాపారంలో డబ్బు గడించాక అచ్చుపనిలోకి దిగాడు. ఆయన అక్షరాల పంచ్‌లను చెక్కింది జాన్ హ్యాండీ. గీతల్లో లావూ సన్నం తేడా అంతకుముందటి కాస్లన్ టైపుకంటే ఎక్కువ. ఆ సన్నగీత చెదరకుండా పడాలని ఆయన ప్రెస్సును సవరించాడు, నల్లటి సిరా తయారుచేసుకున్నాడు, అచ్చయిన కాగితాలను వేడి రాగిపలకల మధ్య నొక్కాడు. 1757లో వచ్చిన ఆయన తొలి పుస్తకం వర్జిల్ కావ్యాలు; అందులో కొంతభాగం గీతలు కనపడని నునుపైన కొత్తరకం కాగితంమీద వేశాడు. అక్షరం, సిరా, కాగితం ఆయనకు ఒకే పని. అలాంటి టైపును నాసిరకం కాగితంమీద 8 పాయింట్లలో పెట్టి, పేలవంగా ఉందనడం అన్యాయం.

2. దీనికి గాలి ఆడాలి. 11 పాయింట్ల అక్షరానికి 14 పాయింట్ల లైను ఇస్తాను. మార్జిన్లలో పిసినారితనం వద్దు.

3. కంటితో గుర్తుపట్టండి. చిన్న ‘జీ’ కింది సున్నా పూర్తిగా మూసుకోదు. పెద్ద ‘ఈ’ అడుగు గీత పైగీతకంటే ముందుకు సాగి ఉంటుంది. ‘క్యూ’ తోకలో ఆయన చేతిరాత ఒడుపు ఇప్పటికీ కనిపిస్తుంది. అది చూసినప్పుడల్లా నాకు ముచ్చటే.

4. ప్రూఫు చూపించేటప్పుడు ఫాంటు పేరు చెప్పకండి. ఈ సన్నగీతలు చదువరుల కళ్లు పోగొడతాయని ఒకాయన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌తో వాదించాడట. ఫ్రాంక్లిన్ కాస్లన్ నమూనా కాగితం పైభాగం చింపేసి, ఇది బాస్కర్‌విల్‌దే అని చేతికిచ్చాడు. వాదించిన పెద్దమనిషి అందులోనూ లోపాలన్నీ చూపించాడు! ఆ సంగతి ఫ్రాంక్లిన్ బాస్కర్‌విల్‌కే ఉత్తరంలో రాశాడు.

5. పేరు ఒకటే అయినా ఫాంట్లు వేరు. 1923లో మోనోటైప్ మళ్లీ తెచ్చినది పుస్తకానికి బాగుంటుంది. తెరమీద చదివేదానికి లిబ్రె బాస్కర్‌విల్ నయం. చిన్నక్షరాలు ఎత్తుగా, గీతల తేడా తక్కువగా ఉంటాయి. జాన్ బాస్కర్‌విల్ భార్య సారా ఈవ్స్ పేరుమీద 1996లో జుజానా లిచ్‌కో గీసిన మిసెస్ ఈవ్స్ శీర్షికలకు అందం. దాన్ని మాత్రం పేజీలకు పేజీలు నింపకండి.

6. తెలుగు పక్కన ఇంగ్లిష్ మాట వస్తే రెండింటికీ ఒకే పాయింటు పెట్టకండి. తెలుగు 14లో ఉంటే బాస్కర్‌విల్ 11 దగ్గర మొదలుపెట్టి, ప్రింటు తీసి చూసి సరిచేయండి. లైన్ల దూరం మాత్రం వత్తులను బట్టే పెట్టాలి.