వేసవి ఎండ – వానాకాలం కూర
(తొక్కులు, ఒరుగుల వెనుక ఉన్న శాస్త్రం)



ఆహారాన్ని పాడుచేసేవి సూక్ష్మజీవులని మనం సైన్సు పాఠంలో చదువుకున్నాం. బడి ముఖం చూడని మన అమ్మమ్మలు, నాయనమ్మలు ఆ పాఠాన్ని ప్రతి వేసవిలో చేతులతో చేసి చూపిస్తున్నారు. ధర్మసాగర్, ముప్పారం, ఎల్కుర్తి, దేవునూరు వంటి మన ఊళ్లలో పెరట్లో, చెలక గట్ల మీద కాసినవాటిని ఎండలు ముదిరినప్పుడే దాచుకుంటారు. మృగశిర కార్తె వచ్చి నాట్లు, కలుపులు మొదలైతే కైకిలికి పోయే అమ్మకు కూర వండే తీరిక ఉండదు. చేతిలో పైసలు కూడా ఉండవు. అప్పుడు జాడీలోని తొక్కే ఆ ఇంటికి కూర. ఆ జాడీ బూజు పడితే ఏడాది కష్టం పోయినట్లే. కావున తొక్కు ఎందుకు నిలుస్తుందో, ఎందుకు చెడుతుందో మనం తెలుసుకోవాలి.

నీరు అందకుండా చేయడమే కిటుకు

సూక్ష్మజీవులు బతకాలంటే వాటికి నీరు అందాలి. శాస్త్రవేత్తలు ఈ అందే నీటిని 0 నుండి 1 వరకు కొలుస్తారు. స్వచ్ఛమైన నీటికి 1. ఈ కొలత 0.90 కంటే తగ్గితే చాలా రకాల బాక్టీరియాలు పెరగలేవు. బూజులు మొండివి. వాటిలో చాలావరకు 0.70 దాకా తట్టుకుంటాయి. 0.60 కంటే తగ్గితే ఏ సూక్ష్మజీవీ పెరగదు.

ఈ నీటిని తగ్గించడానికి మన పెద్దలకు రెండు దారులు తెలుసు. మొదటిది ఎండ. టమాట, కాకర, గోకరకాయ ఒరుగులు, వడియాలు, చల్ల మిరపకాయలు ఈ కోవలోవి. మాంసాన్ని పొడుగ్గా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, దండెం మీద ఎండబెట్టే తునకలది కూడా ఇదే శాస్త్రం. రెండవది ఉప్పు. ఉప్పు వేసిన మామిడి ముక్కలు తెల్లవారేసరికి నీరు వదలడం మనం చూస్తూనే ఉంటాం. మిగిలిన నీటిని కూడా ఉప్పు పట్టి ఉంచుతుంది.

వీటికి పులుపు, నూనె తోడవుతాయి. మామిడి, చింతపండు పులుపులో ప్రమాదకరమైన బాక్టీరియాలు పెరగలేవు. పైన నిలిచే నూనె గాలిని ఆపి బూజు రాకుండా చూస్తుంది. అయితే పులుపు లేని కూరగాయను ఉత్త నూనెలో ముంచి నిల్వ చేయరాదు. గాలి లేని చోట పెరిగి విషం తయారుచేసే బాక్టీరియా కూడా ఉంది.

ఒక చిన్న లెక్క

టమాటలో సుమారు 94 శాతం నీరే. అంటే 10 కిలోల టమాటలలో గట్టి పదార్థం 600 గ్రాములు. 10 శాతం తేమ మిగిలేలా ఎండబెడితే దాదాపు 670 గ్రాముల ఒరుగులు వస్తాయి. బరువు తగ్గిందని చిన్నచూపు చూడరాదు. 2023 జూలైలో కిలో టమాట ధర 100 రూపాయలు దాటినప్పుడు, ఒరుగులు దాచుకున్న ఇంటికి వాటి విలువ తెలిసి ఉంటుంది.

బూజుతో చెలగాటం వద్దు

1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాలలో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పరిశోధించి, ఆ బూజు తయారుచేసిన అఫ్లాటాక్సిన్ అనే విషమే కారణమని గుర్తించారు. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వండినా పూర్తిగా పోదు. ఈ బూజు మక్కలతో పాటు పల్లికాయకు, మిరపకు కూడా పడుతుంది. ఎరుపెక్కువ, కారం తక్కువ ఉండే మన వరంగల్ చపాట మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత మంచి మిరప అయినా తడి నేల మీద ఆరబోస్తే బూజుకు గురవుతుంది.

మనం పాటించవలసినవి

1. మిరపను, ఒరుగులను వట్టి నేల మీద కాక శుభ్రమైన పరదా మీద ఆరబోయాలి. పొద్దుగూకగానే ఎత్తాలి, లేకుంటే మంచుకు మళ్లీ తడి పడుతుంది.
2. కాకర, గోకర ఒరుగు పటుక్కున విరగాలి. వంగితే ఇంకా తేమ ఉన్నట్లు.
3. ఎండలో నుండి తెచ్చిన వేడి మీద డబ్బాలో పోయరాదు. లోపలి ఆవిరి నీరవుతుంది. చల్లారాక పోసి మూత బిగించాలి.
4. తొక్కు మీద ఎప్పుడూ నూనె తేలాలి. తడి గంటె, తడి చెయ్యి పెట్టరాదు.
5. ఆకుకూరలను నీడన ఆరబెట్టాలి. ఎండ తగిలితే విటమిన్ 'ఏ'నిచ్చే కెరోటిన్ ఎక్కువగా పోతుంది.
6. బూజు పట్టిన తొక్కును పైపైన తీసేసి తినరాదు. పారబోయడమే మేలు.

ఇంకొక మాట. ఎండలో విటమిన్ 'సి' చాలావరకు పోతుంది. తొక్కులో ఉప్పు ఎక్కువ. రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కావున తొక్కు నంజుకోవడానికే గానీ, దొరికినప్పుడు తాజా కూరలు, పండ్లు తినాలి. రక్తపోటు ఉన్న తాతలకు, అవ్వలకు ఈ సంగతి మనమే చెప్పాలి.

ఫ్రాన్సులో నికోలా అప్పెర్ సీసాలలో ఆహారాన్ని నిల్వ చేసే పద్ధతి కనిపెట్టినందుకు 1810లో అక్కడి ప్రభుత్వం 12,000 ఫ్రాంకులు ఇచ్చింది. అది ఎందుకు నిలుస్తుందో అప్పటికి ఆయనకూ తెలియదు. దాదాపు 50 ఏళ్ల తరువాత లూయీ పాశ్చర్ పరిశోధనలతో ఆ కారణం తేలింది. మన ఇళ్లలోని స్త్రీల పనితనానికి ఏ బహుమతీ రాలేదు. వారికి పని తెలుసు, మనకు కారణం తెలుసు. ఈ రెండూ కలిస్తే ఇంటి జాడీ చెడదు. ఈ వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్లే ప్రతి విద్యార్థీ అమ్మ పక్కన కూర్చొని పని నేర్చుకోవాలని, తాను చదివినది ఆమెకు చెప్పాలని మేము కోరుకుంటున్నాము.