గాడిలో దాగిన పాట

గ్రామఫోను రికార్డును వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూడండి. సన్నని గీతలు వరుసగా కనిపిస్తాయి. ఒక్కొక్క వైపు ఉన్నది నిజానికి ఒకే ఒక గీత. అంచు నుండి మధ్యకు చుట్టుకుంటూ పోయే గాడి అది. పాటంతా దాని గోడల వంపుల్లోనే ఉంటుంది.

ఈ గాడిని మొదట లాకరు పూత పూసిన అల్యూమినియం పళ్ళెం మీద చెక్కుతారు. దానిపై వెండి పూసి, విద్యుత్తు సాయంతో నికెలు అచ్చు తీస్తారు. ఆ అచ్చు నుండి మరికొన్ని అచ్చులు తీసి, వాటి మధ్య వేడి వినైలును ఒత్తుతారు. అచ్చు అరిగేకొద్దీ ధ్వనిలో స్పష్టత తగ్గుతుంది. తొలి ప్రతులకు గిరాకీ అందుకే.

నేర్పంతా చెక్కడంలోనే ఉంది. మంద్రస్వరాలకు గాడి వెడల్పుగా ఊగుతుంది. అలాగే వదిలితే పక్క చుట్టును తాకుతుంది. కాబట్టి చెక్కేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారస్వరాలను పెంచుతారు. వినిపించే యంత్రం దానిని తిరిగి సరిచేస్తుంది.

1969లో అమెరికాలో రాబర్ట్ లుడ్విగ్ అనే ఇంజనీరు, లెడ్ జెప్లిన్ బృందం రెండవ రికార్డును చెక్కాడు. వాద్యాల బలమంతా గాడిలోకి దింపాడు. చౌక యంత్రాల మీద ముల్లు ఎగిరిపడింది! చివరకు ధ్వని తగ్గించి మళ్ళీ చెక్కించారు. లోపం ముల్లుది, శిక్ష పాటకు. నేడు సేకరణకర్తలు మధ్య చీటీ పక్కన నున్నని చోట గీసిన 'ఆర్.ఎల్.' అక్షరాల కోసమే వెదుకుతారు.

2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని ఒక లాకరు పళ్ళేల కర్మాగారం కాలిపోయింది. అప్పటికి ప్రపంచంలో అటువంటివి రెండే ఉండేవి. మిగిలినది జపానులో ఉంది.