గుండె ఆపరేషన్ తరువాత తెల్లకణాల లెక్క

నేను చదివింది బి.కాం., చేసింది బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం. నాకు బైపాస్ ఆపరేషన్ జరిగినప్పుడు రక్తపరీక్ష రిపోర్టులు చూసి, డాక్టరుగారిని అడిగి తెలుసుకున్న విషయాలు ఇక్కడ రాస్తున్నాను. పి.యు.సి., ప్లస్ టూలలో జీవశాస్త్రం చదివే పిల్లలకు ఇది పాఠంగా, ఇంట్లో గుండెజబ్బు ఉన్నవారికి జాగ్రత్తగా ఉపయోగపడుతుందని ఆశిస్తున్నాను.

తెల్లకణాలు అంటే: ఆరోగ్యవంతుల రక్తంలో ఘన మిల్లీమీటరుకు సుమారు 4,000 నుండి 11,000 తెల్లకణాలు ఉంటాయి. వీటిలో ఐదు రకాలు. ముఖ్యమైనవి రెండు. న్యూట్రోఫిల్స్ గాయం దగ్గరకు ముందుగా చేరి సూక్ష్మక్రిములను మింగేస్తాయి. లింఫోసైట్లు యాంటీబాడీలను తయారు చేస్తాయి, వైరస్ సోకిన కణాలను చంపుతాయి, పాత శత్రువును గుర్తుపెట్టుకుంటాయి.

ఆపరేషన్‌లో ఏం జరుగుతుంది: చాలా గుండె ఆపరేషన్లలో గుండెను కొంతసేపు ఆపి, దాని పనిని గుండె-ఊపిరితిత్తుల యంత్రానికి అప్పగిస్తారు. 1953 మే 6న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో డాక్టర్ జాన్ గిబ్బన్ ఈ యంత్రంతో తొలిసారి విజయవంతంగా ఆపరేషన్ చేశారు. రక్తం ప్లాస్టిక్ గొట్టాలకు తగలగానే శరీరం దానిని పరాయి వస్తువుగా భావిస్తుంది. కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు మేల్కొని న్యూట్రోఫిల్స్‌ను రెచ్చగొడతాయి. కోత వల్ల కార్టిసాల్ హార్మోను కూడా పెరుగుతుంది. దానితో ఎముక మజ్జ నుండి న్యూట్రోఫిల్స్ రక్తంలోకి ఎక్కువగా వస్తాయి. లింఫోసైట్లు మాత్రం తగ్గుతాయి. కొన్ని రక్తాన్ని వదిలి ఇతర భాగాలకు వెళతాయి, కొన్ని నశిస్తాయి. యంత్రం వాడని ఆపరేషన్లలోనూ కోత వల్ల ఈ మార్పు కొంత ఉంటుంది.

లెక్క చూద్దాం: ఉదాహరణకు, ఆపరేషన్‌కు ముందు మొత్తం 8,000, అందులో లింఫోసైట్లు 30 శాతం, అంటే 2,400. తరువాత మొత్తం 15,000. లింఫోసైట్లు 8 శాతం, అంటే 1,200. మొత్తం దాదాపు రెట్టింపయింది, లింఫోసైట్లు సగమయ్యాయి! లెడ్జరులో మొత్తం ఒక్కటే చూస్తే సరిపోదు, పద్దులు విడివిడిగా చూడాలి. రక్తపరీక్షలో ఆ పద్దులే డిఫరెన్షియల్ కౌంట్.

తెలుసుకోవలసినవి:

1. ఆపరేషన్ అయిన మొదటి రోజులలో కౌంట్ పెరిగినంత మాత్రాన ఇన్ఫెక్షన్ అని కంగారు పడనక్కరలేదు. సాధారణంగా కొద్ది రోజులలో తగ్గుముఖం పడుతుంది. తగ్గకుండా పెరుగుతున్నా, జ్వరం వదలకపోయినా, కుట్ల దగ్గర ఎరుపు, చీము కనిపించినా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

2. కౌంట్ ఎక్కువగా ఉంది కాబట్టి రక్షణ ఎక్కువ అనుకోకూడదు. ఆ రోజులలో రోగనిరోధక శక్తి కొంత తగ్గి ఉంటుంది. ఎవరికైనా ఆపరేషన్ అంటే బంధువులందరూ పళ్ళు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళడం మనలో ఆనవాయితీ. ప్రేమ మంచిదే. కాని జలుబు, దగ్గు ఉన్నవారు ఫోనులో పలకరిస్తే చాలు. వెళ్ళినవారు చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాలి.

3. మధుమేహం ఉన్నవారికి కుట్ల దగ్గర ఇన్ఫెక్షన్ ప్రమాదం ఎక్కువ. షుగరు అదుపులో ఉంచాలి.

4. పసిపిల్లలలో గుండె ముందు థైమస్ గ్రంథి ఉంటుంది. టి-లింఫోసైట్లు అక్కడే పరిపక్వమవుతాయి. గుండెను చేరడానికి ఒక్కోసారి దానిని కొంతగానో పూర్తిగానో తీసివేస్తారు. అటువంటి పిల్లల టీకాల విషయం డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

అభ్యాసం: మొత్తం కౌంట్ 7,000 ఉన్నప్పుడు లింఫోసైట్లు 30 శాతం, 14,000 ఉన్నప్పుడు 10 శాతం. సంఖ్యలు కట్టండి. ఏ రోజు రిపోర్టులో లింఫోసైట్లు తక్కువో మీ ఇంట్లోవారికి వివరించండి.