బట్టలు కుట్టడమొక్కటే ఫ్యాషన్ చదువా?

మిర్చి, పత్తి పండించే క్రోసూరు వైపు ఇళ్లలో పిల్లకు బట్టల మీద ఆసక్తి ఉందని తెలిస్తే పెద్దవాళ్లకు తోచేవి రెండే: మిషన్ నేర్పించడం, లేదంటే అప్పు చేసైనా నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) కోచింగ్‌లో చేర్పించడం. మనిషి ఏ బట్ట ఎప్పుడు కడతాడు, కట్టాక అతని నడకా ఎదుటివాళ్ల చూపూ ఎలా మారతాయి అని పరిశోధించి రాసే చదువు ఒకటుందని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. రోజువారీ బతుకులో మనమంతా వేషాలు కడుతూనే ఉంటామని 1950ల్లో సమాజశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్, ఆడతనం మగతనం పదేపదే చేసి చూపడం వల్లే నిలుస్తాయని 1990లో తత్వవేత్త జుడిత్ బట్లర్ వాదించారు. ఆ చదువుకు ఆధారమైన పెర్ఫార్మెన్స్ థియరీకి ఇలాంటి ఆలోచనలే పునాది.

ఇది మనకు దూరపు సంగతేమీ కాదు. బాపట్లలో పుట్టిన రంగస్థల నటుడు స్థానం నరసింహారావు సత్యభామ వంటి స్త్రీ పాత్రలతో పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కూచిపూడి బ్రాహ్మణ పురుషులు కట్టే స్త్రీ వేషం వాళ్ల మగతనానికి, కులాధిక్యానికి ఎలా దన్నుగా నిలిచిందో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు హర్షితా కామత్ బట్లర్ ఆలోచనలతో తర్కిస్తూ ‘ఇంపర్సనేషన్స్’ (2019) అనే పుస్తకమే రాశారు. మన పల్నాడు జిల్లాలోని కారంపూడిలో కార్తీకంలో జరిగే పల్నాటి వీరుల ఆరాధనలో ఎవరు ఏం ధరిస్తారు, ఎవరు ఏ ఆయుధం పడతారు అన్నది కూడా ఇలాంటి పరిశోధనకు తగిన విషయమే.

బొమ్మ గీసే చెయ్యి ఉన్న పిల్లలకు నిఫ్ట్ మంచి సంస్థే. అయితే నాలుగేళ్ల డిజైన్ కోర్సు ఫీజే లక్షల్లో ఉంటుంది; కోచింగ్, హాస్టల్, సామగ్రి ఖర్చులు దానికి అదనం. చదవడం, రాయడం ఇష్టపడే పిల్లను అందులోకి తోయడం డబ్బుకూ పిల్లకూ చేసే అన్యాయం. అంతకంటే ప్రమాదం ఏడాది ఫ్యాషన్ డిప్లొమాలు. సర్టిఫికెట్ ఇచ్చే విశ్వవిద్యాలయం ఏది, పాఠం చెప్పేదెవరు, నిరుటి బ్యాచ్ ఎక్కడ పనిచేస్తోంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాని చోట రూపాయి కట్టొద్దు. నా మొగ్గు మాత్రం దగ్గరి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఏ, ఆపైన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలు లేదా కమ్యూనికేషన్ వైపే. ఏ గ్రూపుతో ఇంటరైనా బీఏకి చాలు. పీజీకి సీయూఈటీ ప్రవేశ పరీక్ష రాయాలి.

‘ఉద్యోగం ఎక్కడుంది?’ అన్న ప్రశ్న న్యాయమైనదే. అధ్యాపక పోస్టులు, మ్యూజియంలు, సినిమా దుస్తుల విభాగాలు, పత్రికలు... అన్నీ కలిపినా అవకాశాలు కొద్దే, పీహెచ్‌డీ ఏళ్లు తింటుంది. కానీ యూజీసీ నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) సాధిస్తే పీహెచ్‌డీ చేస్తూ మొదట్లో నెలకు 37,000 రూపాయల వస్తాయి, ఆ చదువు ఇంటికి భారం కాదు. ‘ఇంగ్లీషు రాదు కదా’ అంటారు. చదివి అర్థం చేసుకునే ఇంగ్లీషు డిగ్రీ మూడేళ్లలో పట్టుబడుతుంది. ఈ నేల మాటా ఆచారమూ బయటివాళ్లకు అంత తొందరగా పట్టుబడవు. కోచింగ్ ఫీజు కట్టేముందు, ఈసారి చూసిన పెళ్లిలోనో తిరునాళ్లలోనో ఎవరెందుకు ఏం కట్టుకున్నారో రెండు పేజీలు రాయమని పిల్లను అడగండి. రాయడానికి బదులు బొమ్మలు గీసి ఇస్తే నిఫ్ట్ గురించి ఆలోచించండి. రెండు పేజీలు నాలుగైతే ఆ పిల్ల దారికి అడ్డం రాకండి.